రక్తపోటీ

మా నాన్న సాక్ష్యం మా సంఘంలో పిల్లలకు కూడా కంఠతా వచ్చు. ఆదివారం ఆరాధనలో పాటలు అయ్యాక, దేవుడు ఎవరికి ఏ మేలు చేశాడో వాళ్లు లేచి చెప్పుకోవాలి. అదే సాక్ష్యం. మిగతావాళ్లకు వారానికో మేలు జరుగుతుంది. ఒకరి కొడుక్కి ఉద్యోగం వస్తుంది, ఇంకొకరికి ఈ దీవి నుంచి సొంతూరికెళ్లే షిప్పు టికెట్టు దొరుకుతుంది. మా నాన్నకు మాత్రం ఏళ్ల తరబడి ఒకటే మేలు.

"నాకు డెబ్బై దాటినాయి. ఈ నోటితో మాత్ర మింగి ఎరగను. ఈ ఒంటికి సూది గుచ్చించుకుని ఎరగను. నా డాక్టరు పైనున్నాడు. స్తోత్రం!"

మగవాళ్ల వైపు నుంచి స్తోత్రం, స్తోత్రం అని వినిపించేది. ఆడవాళ్ల వైపు కూర్చుని నేను పళ్లు నూరుకునేదాన్ని. కరోనా రోజుల్లో వేయించుకున్న టీకా సంగతేమిటని ఒకసారి ఇంటికొచ్చాక నిలదీశాను. "అది మందు కాదే. పర్మిట్టు. అది లేకపోతే షిప్పు ఎక్కనివ్వరు" అన్నాడు. ఆయనతో వాదించి గెలిచినవాళ్లు మా ఇంటా వంటా లేరు.

జెట్టీలో ఓడలకు తాళ్లు కట్టే పని చేసి రిటైరయిన మనిషి. ఇప్పటికీ కొబ్బరికాయ పీచు చేతులతో ఒలిచేస్తాడు. ఆ చేతులు చూసిన ఎవరైనా ఆయనకు జబ్బేమిటంటారు. మా అమ్మకూ అలాగే అన్నారు. మా అమ్మ తలనొప్పి, తలనొప్పి అనేది. వర్షాల వల్ల అన్నాం, ఎండ వల్ల అన్నాం, గరాచర్మలో ఇల్లు కట్టించేటప్పుడు సిమెంటు దుమ్ము వల్ల అన్నాం. కొత్తింట్లోకి వచ్చిన ఏడాదే, పెరట్లో బట్టలు ఆరేస్తూ తీగ కిందే కూలబడిపోయింది. ఆసుపత్రిలో డాక్టరు, ఈవిడకు బీపీ ఎప్పుడైనా చూపించారా అని అడిగాడు. మా నాన్న ఛాతీ విరుచుకుని, "మా ఇంట్లో మాత్రలంటే ఎవులికీ తెల్దండి" అన్నాడు. డాక్టరు ఆయన్ని చూసిన చూపు నేను మరిచిపోలేదు. మర్నాటికి అమ్మ లేదు. ఆ మాటకు నాన్న మీద నాకొచ్చిన కోపం కూడా పోలేదు.

అలాంటిది, ఇప్పుడు ఆయనకూ మొదలైంది. మెట్లెక్కి వస్తే కళ్లు ఎర్రబడేవి. పొద్దున లేచి గోడ పట్టుకుని కాసేపు నిలబడేవాడు. ఒకరోజు ముక్కులోంచి రక్తం కారింది. ఒంట్లో వేడి అన్నాడు. ఒక్కసారి వచ్చి బీపీ చూపించుకో నాన్నా అని కాళ్లావేళ్లా పడ్డాను. మా ఆయన షిప్పు ఉద్యోగంలో నెలలో సగం రోజులు నీళ్ల మీదే ఉంటాడు. పిల్లల్లేరు. నాకు ఇంట్లో మాట్లాడటానికీ, దెబ్బలాడటానికీ మిగిలింది ఈ ఒక్క మనిషి. ఈయన్ని కూడా బట్టల తీగ కింద వెతుక్కోవాలా అని నా భయం.

ఆయన భయం వేరు. "డాక్టరు దగ్గరికెల్తే ఏదో ఒకటి ఉన్నాదంటాడు. ఆడి కామ్ అదే కదా. అప్పుడు నా సాక్ష్యం ఏటైపోద్ది?"

"మనిషే పోతే సాక్ష్యం ఎవరు చెబుతారు?"

"అందుకే పోకుండా సూస్కుంటాడు దేవుడు. ఆయనకీ సాక్ష్యం కావాలి కదేటి."

ఇక లాభం లేదని, జబ్బు రాకముందే జాగ్రత్త అనే పని నా చేతుల్లోకి తీసుకున్నాను. కూరల్లో ఉప్పు తగ్గించాను. ఆయన పక్కింటి బెంగాలీ వాళ్ల దగ్గర ఉప్పు అడిగి తెచ్చుకుని చొక్కా జేబులో పెట్టుకున్నాడు. పొద్దున్నే నడవమన్నాను. చేపలబ్బాయి దాకా నడిచి, ఆటోలో చేపలతో తిరిగొచ్చాడు. ఉప్పుచేపల డబ్బా మా ఆయన రెయిన్‌కోటు వెనక దాచాను. నేను మిడిల్ పాయింట్‌లో ఆఫీసుకు వెళ్లి వచ్చేసరికి ఇల్లంతా వేపుడు వాసన. ఆయన తేలు కుట్టిన దొంగలా వాకిట్లో కూర్చుని ఆకాశం చూస్తున్నాడు. ఉప్పుచేపలు తిన్నావా అంటే, వాసన పక్కింటిదన్నాడు. పక్కింటికి తాళం వేసి ఉంది.

అలా ఉండగా, మా స్త్రీల సమాజం పూనుకుని మా ప్రార్థన గుడిలో ఆరోగ్య శిబిరం పెట్టించింది. ఒక డాక్టరు, ఒక నర్సు సిస్టరు వచ్చి ఆదివారం ఆరాధన అయ్యాక అందరికీ బీపీ చూస్తారు. ఆ మాట చెబితే మా నాన్న ఆ ఆదివారం గుడికే రాడని నాకు తెలుసు. అందుకని ఇంట్లో నోరు మెదపలేదు. బయట బోర్డు మీద ఎవరో రాస్తారు, ఆయన చదివి వెనక్కి తిరుగుతాడు, గేటు దగ్గర పట్టుకుందాం అనుకున్నాను.

బోర్డు రాసింది మా యూత్ సెక్రటరీ. ఇక్కడే పుట్టి హిందీ మీడియంలో చదివిన కుర్రాడు. తెలుగు గలగలా మాట్లాడతాడు, రాయమంటే చెమటలు పడతాయి. బీపీ క్యాంపు అని రాసి ఊరుకునేవాడే. పాస్టరుగారు ఒప్పుకోలేదు. "మనది తెలుగు సంఘం. బీపీ ఏంటి? అచ్చ తెలుగులో రాయి" అన్నారు. అతను ఫోనులో వెతికి, రక్తపోటు అనే మాట పట్టుకుని, చూసి రాశాడు. చూసి రాసినా ఆఖరి అక్షరానికి కొమ్ము పెట్టాల్సినచోట గుడిదీర్ఘం పెట్టాడు. ఆదివారం పొద్దున గుడి వరండాలో ఎర్ర అక్షరాలతో ఇలా వేలాడుతోంది:

ఆరాధన తర్వాత రక్తపోటీ పరీక్ష. పెద్దలందరూ పాల్గొనవలెను.

నేను చూసి తల పట్టుకున్నాను. ఒరేయ్ ఏంట్రా ఇది అన్నాను. అతను బోర్డూ ఫోనూ మార్చి మార్చి చూసి, "అరే దీదీ, ఏక్ మాత్రా కా ఫరక్ హై. చల్తా హై" అన్నాడు. హిందీలో మాత్రా అంటే అక్షరానికి తగిలించే గుర్తు. వెనక నుంచి మా నాన్న గొంతు వినిపించింది. "మాత్రల గొడవేటి? మాత్రలు నాను మింగను, ముందే సెప్తన్నాను."

ఇంతలో చౌల్దారీ అనే పల్లె నుంచి మా మావయ్య దిగాడు. మా అమ్మకు తమ్ముడు. అక్కడ ఆయనకు వక్కతోట ఉంది. మా నాన్నకూ ఆయనకూ మొదటి నుంచీ పోటీయే. ఎవరి పనసచెట్టుకు ఎక్కువ కాయలు, ఎవరు పెద్ద చేప పట్టారు, ఎవరి గొంతు పాటలో పైకి వినిపించింది. మా అమ్మ ఉన్నప్పుడు మధ్యలో కూర్చుని ఇద్దరికీ సమానంగా అన్నం వడ్డించేది. ఇప్పుడు ఆ పని చేసేవాళ్లు లేక పోటీ బాగా ముదిరింది.

మావయ్య అక్షరం అక్షరం కూడబలుక్కుని బోర్డు చదివాడు. "బావా, ఏటిది రక్తపోటీ?"

"ఏటుంటాది? ఎవులి ఒంట్లో రక్తం ఎక్కువుందో కొలుస్తారు."

"బైబిల్ క్విజ్ లాగా?"

"ఆఁ. పరీచ్చ అని రాసినాడు కదా."

"అయితే నీకూ నాకూ ఈయేల తేలిపోద్ది."

మా సంఘంలో పోటీలు లేని నెల ఉండదు కాబట్టి ఎవరికీ వింతగా అనిపించలేదు. నిజం చెప్పాలంటే నేను నోరు తెరిచి, మళ్లీ మూసేశాను. ఇన్నాళ్లు బతిమాలినా కదలని మనిషి తనంతట తను వెళ్లి కూర్చుంటానంటున్నాడు. తప్పు రాసిన ఆ కుర్రాడికి మనసులోనే దండం పెట్టుకున్నాను.

ఆరాధన అయ్యీ అవగానే పెద్దవాళ్లు బిలబిలమంటూ వరండాలోకి వచ్చేశారు. మొదటి కుర్చీలో మా నాన్న. సిస్టరు చేతికి పట్టీ చుడుతుంటే చుట్టుపక్కల వాళ్లను చూసి చిరునవ్వు నవ్వాడు. "అంకుల్, బాత్ మత్ కీజియే" అని మాట్లాడొద్దంది ఆమె. ఆయన ఊపిరి కూడా బిగబట్టాడు. ఆమె చూసింది. కనుబొమలు ముడిచింది. గాలి తీసేసి మళ్లీ చూసింది.

"బహుత్ జ్యాదా హై, అంకుల్."

మా నాన్న లేచి నిలబడి రెండు చేతులూ ఎత్తాడు. "జ్యాదా అంట! శానా ఎక్కువంట!"

వెనక ఎవరో స్తోత్రం అన్నారు. చప్పట్లు కూడా పడ్డాయి. నూట తొంభై దాటిందని సిస్టరు డాక్టరు చెవిలో చెబుతుంటే, మా నాన్న ఆ అంకెను చెవిన వేసుకుని వరండా చివరిదాకా వెళ్లి అందరికీ పంచిపెట్టాడు.  నేను పంచుతున్న టీ గ్లాసుల పళ్లెం అక్కడే బల్ల మీద పెట్టేశాను.

తర్వాత మావయ్య కూర్చున్నాడు. నూట నలభై దగ్గర ఆగింది. ఆయన మొహం చూడాలి. "ఇది నాయం కాదు. నాను చౌల్దారీ నుంచి బస్సులో కూకోని వచ్చినాను. ఒళ్లు సల్లారిపోనాది. ఒక్క మినిట్ సిస్టర్" అని లేచి, గుడి మెట్లు కిందకీ పైకీ రెండుసార్లు పరుగెత్తి, రొప్పుతూ వచ్చి మళ్లీ చెయ్యి చాపాడు. ఈసారి కొంచెం పెరిగింది. బావని అందుకోలేకపోయినా పరువు దక్కిందనుకున్నాడు. ఇది చూసి మిగతావాళ్లకు కిటుకు తెలిసిపోయింది. ఒకాయన పిడికిలి బిగించాడు. ఇంకొకాయన కూర్చునే ముందు ఎవరితోనో కావాలని తగువు పెట్టుకున్నాడు. పాస్టరుగారికి నూట అరవై వస్తే, దైవసేవకులకు రెండో స్థానమని ఎవరో ప్రకటించారు. ఆయన అయ్యో, అదేంటండీ అంటూనే కళ్లజోడు సర్దుకున్నారు, ముచ్చటపడ్డట్టే కనిపించారు. పాపం సిస్టరు, ఏ జన్మలో చూసి ఉంటుంది ఇలాంటి జనాన్ని! "యే లోగ్ ఇత్నే ఖుష్ క్యోఁ హైఁ?" అని, వీళ్లకింత సంతోషం ఎందుకని నన్నడిగింది. ఏం చెప్పను? మా భాషలో ఒక అక్షరం జారిందని చెప్పనా?

మేం ఆడవాళ్లం మాత్రం టీలు, బిస్కెట్లు అందిస్తూ అటూ ఇటూ తిరుగుతూనే ఉన్నాం. శిబిరం పెట్టించింది మేమే. కానీ ఆ వరసలో ఒక్క చీర కూడా లేదు.

డాక్టరు మా నాన్నను పక్కకు పిలిచి మాత్రలిచ్చాడు. రోజూ వేసుకోవాలి, ఉప్పు తగ్గించాలి, కొన్ని వారాల తర్వాత మళ్లీ చూపించుకోవాలి అని నాకు గట్టిగా చెప్పాడు. మా నాన్న ఆ మాత్రల అట్టను రెండు చేతులతో అందుకుని, జనంవైపు తిప్పి చూపించాడు. ప్రైజనుకున్నాడు.

ఇంటికి వచ్చాక నేను కూర్చోబెట్టి విడమరిచి చెప్పాను. ఇది పోటీ కాదు, బీపీ. ఇందులో ఎక్కువ వచ్చినవాడు ఫెయిలు. తక్కువ వచ్చినవాడు పాసు.

"తక్కువ మార్కులొచ్చినోడు పాసయ్యే పరీచ్చ ఎక్కడైనా ఉందేటే? బోర్డు మీద రాసినాది నువ్వూ సూసినావు."

"ఆ బోర్డు తప్పు నాన్నా."

"గుడిలో బోర్డు తప్పంటావా! మీ నాన్న ఫస్టు వచ్చినాడంటే నువ్వు కూడా ఓర్వలేకపోతన్నావు."

మాత్రలు మింగనంటే మింగనన్నాడు. అట్టను షోకేసులో, బైబిల్ క్విజ్ కప్పు పక్కన నిలబెట్టాడు. నేను అరిచాను, ఏడ్చాను, అన్నం మానేశాను. ఆయన రెండో కూర అడిగి వడ్డించుకు తిన్నాడు. అమ్మ కూడా ఇలాగే పోయిందని నోటిదాకా వచ్చింది. ఆ మాట అనలేక వంటింట్లోకి వెళ్లి గిన్నెలు తోముకున్నాను.

చివరికి ఆయన్ని కదిలించింది నా కన్నీళ్లు కాదు. మావయ్య కడుపుమంట. రెండు రోజుల తర్వాత చౌల్దారీ నుంచి పనిగట్టుకుని వచ్చాడు. షోకేసు ముందు నిలబడి ఆ అట్టను చాలాసేపు చూశాడు.

"నాకేటీ ఇవ్వలేదు బావా. ఉప్పు తగ్గించమన్నారంతే. ప్రైజివ్వకపోగా ఉన్నది కూడా పీకీసినారు." గొంతు తగ్గించాడు. "నువ్వెలాగా మింగవు కదా. నాకిచ్చీ."

మా నాన్న కుర్చీలోంచి లేచిన తీరు చూస్తే డెబ్బై దాటిన మనిషని ఎవరూ అనరు. షోకేసు తెరిచి అట్ట చేతిలోకి తీసుకుని, మావయ్య చూస్తుండగానే ఒక మాత్ర పిండి నోట్లో వేసుకున్నాడు. నేను నీళ్ల గ్లాసు పట్టుకుని పరుగెత్తాను. ఆయన చేత్తో వద్దన్నాడు. మొహం చిట్లించుకుంటూ కరకరా నమిలాడు.

"నీళ్లతో మింగాలి నాన్నా!"

"మింగనని సాక్ష్యం సెప్పినాను. నమలనని సెప్పలేదు."

ఆ రోజు నుంచి అదే వరస. పొద్దున్నే కాకరకాయ కొరికినట్టు మొహం పెట్టి మాత్ర నమిలేవాడు. ఆదివారం లేచి ఈ నోటితో మాత్ర మింగి ఎరగనని ధీమాగా చెప్పేవాడు. నమిలినా పనిచేస్తుందా అని నేను డిస్పెన్సరీకి వెళ్లి అడిగాను. చేస్తుంది, చేదుగా ఉంటుందంతే అన్నారు. చేదు ఉండనీ అనుకున్నాను. ఆయన బతకాలి, మిగతాది ఆయనా దేవుడూ తేల్చుకుంటారు.

మళ్లీ చూపించుకునే రోజు వచ్చింది. ఫస్టు ఎవరూ కొట్టలేరని మావయ్యకు ఫోనులో సవాలు విసిరి మరీ బయల్దేరాడు. డిస్పెన్సరీలో జనం లేరు. అదే సిస్టరు. పట్టీ కట్టి, చూసి, మొహం విప్పార్చుకుంది.

"ఏక్‌దమ్ నార్మల్, అంకుల్! బహుత్ బఢియా."

ర్యాంకు పోయిందని గొడవ చేస్తాడు, యంత్రం పాడైందంటాడు అనుకుని నేను సిద్ధపడ్డాను. ఆయన మాత్రం చొక్కా జేబులోంచి మాత్రల అట్ట తీసి సిస్టరుకు చూపించాడు.

"ఇసీసే? ఈ గోలీకేనా దిగింది?"

"హాఁ అంకుల్. ఇసీసే."

"ఔర్ కుఛ్ నహీఁ? ఇంకేటీ అక్కర్లేదా?"

"నహీఁ అంకుల్. బస్ యహీ."

ఆయన ఆ అట్టను వేళ్ల మధ్య తిప్పుతూ కూర్చున్నాడు. తర్వాత తెలుగులో, ఎవరితో అంటున్నాడో తెలియకుండా, "ఇంత సులువా?" అన్నాడు. సిస్టరుకు అర్థం కాక, ఏమంటున్నారని నన్నడిగింది. నేను చెప్పేలోపే ఆయన నా వైపు తిరిగాడు.

"మీ అమ్మ నెత్తి పగిలిపోతన్నాదని గుడ్డ కట్టమంది. కట్టినాను. ఇంకా గట్టిగా అంది. ఇంకా గట్టిగా కట్టినాను. ఇంతంటే ఇంత గోలీ అమ్మా, ఇది! నా సాక్ష్యం కోసరం నీకేటీ లేదు, నీకేటీ లేదు అని దానికి సెప్పినాను."

ఆయన మీద ఇన్నాళ్లూ దాచుకున్న కోపం అప్పుడు వెతికినా దొరకలేదు. ఆ పెద్ద చేతుల్లో అంత చిన్న అట్ట చూసి నాకు ఏడుపు ఆగలేదు. ఆయన నన్ను చూసి ఉన్నట్టుండి కుర్చీలోంచి లేచాడు.

"నువ్వు కూకో."

"నాకేం లేదు నాన్నా."

"నీకెప్పుడు కొలిసినారు?"

 ఆ ఆదివారం నేను టీలు ఇస్తున్నాను. ఆయన నా భుజం పట్టి కుర్చీలో కూర్చోబెట్టి, గాజులు తనే మణికట్టు దాకా దించి, సిస్టరు వైపు చెయ్యి చాపించాడు. పట్టీ బిగుసుకోవడం మొదలైంది. నా రెండో చెయ్యి గట్టిగా పట్టుకుని, కళ్లు మూసుకుని, గుడిలో సాక్ష్యం చెప్పేంత గొంతుతో ప్రార్థన అందుకున్నాడు.

"ప్రభువా, దీనికి తక్కువ రానీ. మా ఇంటికి ఫస్టు ఒద్దు ప్రభువా. దీన్ని లాస్టు రానీ."

మాట్లాడకూడదని సిస్టరు రెండుసార్లు చెప్పింది. ఆయన గొంతు తగ్గించాడు గానీ ఆపలేదు.